సైకిలుకు నీడ - చెమటకు నీరు

వేములవాడకు వచ్చిన యాత్రికులు ధర్మగుండంలో స్నానమాచరించి రాజరాజేశ్వరుని దర్శించుకోవడం ఆచారం. దూరం నుండి వచ్చినవారికి మొదట నీటి వసతి కల్పించాలన్న వివేకం ఈ సంప్రదాయంలో ఉంది. ఉద్యోగుల విషయంలో మన కార్యాలయాలు ఆ వివేకాన్ని విస్మరించాయి.

వేములవాడ నుండి జిల్లా కేంద్రమైన సిరిసిల్లకు సుమారు 12 కిలోమీటర్లు. సైకిలుపై గంటలోపే చేరవచ్చు. కాని ఎండకాలంలో చెమటతో తడిసిన దుస్తులతోనే రోజంతా పనిచేయవలసి వస్తే ఎవరు సాహసిస్తారు? సైకిలు తప్ప మరో వాహనం లేని చిరుద్యోగికి ఆ ప్రశ్న కూడా లేదు. అధికారి కారుకు నీడ దొరుకుతుంది. అతని సైకిలుకు గోడవారన ఎండే గతి.

హరిత భవనమంటే సౌరఫలకాలు, చెట్లు మాత్రమే కాదు. 2009 నాటి అంతర్జాతీయ ‘లీడ్’ ప్రమాణాలు కార్యాలయాలలో 5 శాతం మందికి సైకిలు నిలిపే చోటును, ప్రతి 200 మంది ఉద్యోగులకు ఒక స్నానపు గదిని సూచించి, వాటికి ప్రత్యేకంగా మార్కు కేటాయించాయి. హైదరాబాదులో 2023లో సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైంది. అయితే బాట ఎంత చల్లనిదైనా గమ్యంలో ఆదరణ లేకపోతే ప్రయాణం సాగదు.

స్థలం చాలదని కొందరు ఆక్షేపించవచ్చు. ఒక కారు ఆక్రమించే చోటులో ఎన్నో సైకిళ్లు నిలుస్తాయి. స్నానపు నీరు తోటకు మళ్లుతుంది. స్త్రీలకు వేరుగా గది ఉంటే వారూ ముందుకు వస్తారు. భవనం పచ్చదనాన్ని గోడలను చూసి కాక, అందులోకి వచ్చేవారికి లభించే ఆదరణను చూసి నిర్ణయించాలి.