పంటి ఆసుపత్రిలో భద్రతకు పూచీ ఎవరు?

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలోకి హెల్మెట్ లేకుండా, భద్రతా బూట్లు లేకుండా అడుగుపెట్టడం ఏ కార్మికునికీ సాధ్యం కాదు. దేశమంతటా ఎనిమిది గంటల పనిదినం చట్టరూపం దాల్చడానికి దశాబ్దాల ముందే, 1912లో, ఆ నగరంలో అది అమలులోకి వచ్చింది. ప్రమాదం జరిగిన తరువాత విచారణ సంఘాలు వేయడం కన్న, ప్రమాదం జరగకుండా చూసుకోవడమే మేలన్న సంగతి ఆ ఊరికి ఒకరు చెప్పవలసిన అవసరం లేదు.

అయితే అదే కార్మికుడు పంటినొప్పి భరించలేక సాక్చిలోనో, మాంగోలోనో ఒక దంతవైద్యుని కుర్చీలో వెనక్కు వాలినప్పుడు పరిస్థితి వేరు. అంతకు ముందు రోగి నోట్లో తిరిగిన పరికరాన్ని ఏ విధంగా శుద్ధి చేశారన్నది అతనికి తెలియదు. అడుగుదామంటే డాక్టరుగారికి కోపం వస్తుందేమోనన్న జంకు. ఖైనీ, గుట్కాల వాడకం విస్తారంగా ఉన్న ఆ ప్రాంతంలో పంటి వైద్యుని అవసరం పడని కుటుంబాలు తక్కువ. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుంచి తరాల క్రితం వలస వెళ్లి కద్మాలో, బిష్టుపూర్‌లో స్థిరపడిన తెలుగువారూ ఇందుకు మినహాయింపు కాదు.

జంషెడ్‌పూర్ దంతవైద్యులను వేలెత్తి చూపడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. అక్కడ దంతవైద్య కళాశాల ఉన్నది, నిష్ఠగా పనిచేసే వైద్యులూ ఉన్నారు. కాని నిష్ఠగా పనిచేసే వైద్యుడెవరో, చేయనివాడెవరో రోగి తెలుసుకునే మార్గం ఏదీ లేకపోవడమే ఇక్కడి సమస్య. ఇది జంషెడ్‌పూర్‌కే పరిమితం కాదు. విజయవాడలోనూ, వరంగల్‌లోనూ ఇదే తంతు.

ఈ నిర్లక్ష్యం ఎంతకు దారితీయగలదో తెలియడానికి విదేశాల దాకా వెళ్లనక్కరలేదు. మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు చేరువలో, తమిళనాడులోని తిరుపత్తూరు జిల్లాలో వాణియంబాడి పట్టణం ఉన్నది. 2022 జూలై, 2023 ఏప్రిల్ మధ్య ఉత్తర తమిళనాడు జిల్లాల్లో మెదడుకు సోకిన మెలియాయిడోసిస్ అనే అరుదైన వ్యాధితో 21 మంది బాధపడ్డారు. వీరిలో పదిమంది వాణియంబాడిలోని ఒకే దంతవైద్యశాలలో చికిత్స పొందినవారని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల, భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రజ్ఞుల పరిశీలనలో తేలింది. ఆ పదిమందిలో ఎనిమిది మంది మరణించారు. మిగిలిన 11 మందిలో మరణించినది ఒక్కరే.

ఇంతమంది ప్రాణాలు తీసినది అధునాతన యంత్రమేమీ కాదు, ఒక సెలైన్ సీసా! దంతవైద్యంలో వాడే ఒక లోహపు పనిముట్టుతో దాని మూత తెరిచి, తిరిగి వదులుగా మూసి, అదే సీసాలోని ద్రవాన్ని పలువురి నోళ్లు కడగడానికి వాడారని పరిశోధకులు పేర్కొన్నారు. మట్టిలో, నిలువ నీటిలో ఉండే సూక్ష్మజీవి ఆ సీసాలో దొరికింది. పంటి మూలాల వద్ద తెగిన కణజాలంనుంచి అది నరాల వెంబడి మెదడుకు చేరింది. తలనొప్పి, జ్వరం, మాట తడబడటం అనే లక్షణాలతో ఆసుపత్రులకు పరుగెత్తినవారికి తమ జబ్బుకూ, కొద్ది రోజుల క్రితం పీకించుకున్న పన్నుకూ సంబంధం ఉంటుందన్న ఊహ ఎలా వస్తుంది? ఈ వైనం పత్రికలకెక్కి దేశానికి తెలిసింది 2025లో. వైద్యశాలను 2023లోనే మూయించామని అధికారులు అన్నారు. మూయించారు సరే, ఆ కుర్చీలో కూర్చున్న తక్కిన రోగులకు సకాలంలో కబురు అందిందా అన్న ప్రశ్నకు బదులు రావలసి ఉన్నది.

అగ్రరాజ్యం కూడా ఈ విషయంలో గర్వించదగిన స్థితిలో లేదు. 1990లో ఫ్లోరిడా రాష్ట్రంలో ఒక దంతవైద్యుని వద్ద చికిత్స పొందినవారికి హెచ్‌ఐవి సోకిన ఉదంతం అమెరికాను కుదిపివేసింది. ఆ తరువాతే గ్లవ్స్, ముసుగు అక్కడి వైద్యశాలల్లో సర్వసాధారణమయ్యాయి. అయినా 2013లో ఓక్లహామా రాష్ట్రంలోని టల్సాలో ఒక దంతవైద్యుని రోగులు సుమారు 7 వేల మందిని రక్తపరీక్షలు చేయించుకోవలసిందిగా అధికారులు కోరవలసి వచ్చింది. ఒక రోగినుంచి మరొక రోగికి హెపటైటిస్ సి సోకినట్లు అక్కడ రుజువైంది. ఆటోక్లేవ్ సక్రమంగా పనిచేస్తున్నదో లేదో ఏళ్ల తరబడి పరీక్షించనేలేదని తనిఖీల్లో బయటపడింది. యంత్రం ఉన్నది, నమ్మకం ఉన్నది, పరీక్ష లేదు!

ఇక్కడ ఒక చిన్న చిక్కు ప్రస్తావించక తప్పదు. వార్తా సంస్థలు పంపే ఆంగ్ల వార్తల్లో 'స్టెరిలైజేషన్' అన్న మాట కనిపిస్తే తెలుగు డెస్కులో కూర్చున్నవారు ఒక్క క్షణం ఆగుతారు. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సా, పరికరాలను సూక్ష్మజీవి రహితం చేయడమా అని. మన పాఠకునికి ఆ మాట వినగానే తోచేది మొదటి అర్థమే. రెండో అర్థానికి వాడుకలో నిలిచిన తెలుగు మాటే లేదు. 'శుభ్రపరచడం' అని రాస్తే సబ్బుతో కడిగినట్లు ఉంటుంది. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేయగా నలుగురు మరణించారు. ఇన్ఫెక్షన్ సోకడమే అందుకు కారణమని తేలింది. ఒకే మాటకు గల రెండు అర్థాలూ అక్కడ ఒకదానికొకటి ఎదురుపడ్డాయి.

కడగడం వేరు, సూక్ష్మజీవి రహితం చేయడం వేరు. మరిగే నీటిలో వేస్తే చాలునన్నది అపోహ. బీజకణాల రూపంలో ఉన్న బాక్టీరియా మరిగే నీటికి చావదు. స్పిరిట్‌తో తుడిస్తే అంతకన్న అపోహ. నీలికాంతి వెలిగే అద్దాల పెట్టెను చూసి రోగి మురిసిపోతాడు గాని, అది శుద్ధి చేసిన పరికరాలను భద్రపరచుకోవడానికే తప్ప శుద్ధి చేయడానికి కాదు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద, పీడనంతో కూడిన ఆవిరిలో నిర్ణీత సమయం ఉంచడమే నమ్మదగిన పద్ధతి. పంటిని తొలిచే హ్యాండ్‌పీస్ విషయం మరీ ముఖ్యం. అది ఆగినప్పుడు రోగి ఉమ్మిని, రక్తాన్ని లోపలికి పీల్చుకునే అవకాశం ఉన్నది. పైపైన తుడిచి మరొకరి నోట్లో పెడితే లోపలిది లోపలే ఉంటుంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో వారం రోజులు బ్రతికి ఉండగలదు. కుర్చీకి నీరు తెచ్చే సన్నని గొట్టాల్లోనూ సూక్ష్మజీవులు పేరుకుంటాయి. రోగికీ రోగికీ మధ్య నీటిని కొంతసేపు వదలివేయాలన్న నియమం అందుకే పుట్టింది.

ఇవేవీ దంతవైద్యులకు తెలియనివి కావు. కళాశాలలో చదువుకున్నవే. మరి ఆచరణలో ఎందుకు జారిపోతున్నాయి? కారణం సమయం, సొమ్ము. ఒక విడత ఆటోక్లేవ్ పూర్తయి పరికరాలు ఆరడానికి అరగంటకు పైగా పడుతుంది. సాయంత్రం ఆరింటికి బయట పదిహేను మంది వేచి ఉంటే, ఉన్నవి రెండు హ్యాండ్‌పీసులైతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పరికరాలు ఎక్కువ కొనాలంటే ఫీజు పెంచాలి, ఫీజు పెంచితే రోగి పక్క వీధికి పోతాడు. నియమాలు పాటించేవాడు నష్టపోయి, పాటించనివాడు లాభపడే ఈ పోటీలో వైద్యుని మనస్సాక్షి ఒక్కదానినే నమ్ముకోవడం ప్రభుత్వానికి తగని పని. పరికరాలు కడిగే సహాయకునికి శిక్షణ ఇచ్చారా, హెపటైటిస్ బి టీకా వేయించారా అన్నది మరొక ప్రశ్న. సూది గుచ్చుకుంటే ముందుగా బలయ్యేది ఆ అల్పజీతగాడే.

చట్టాలకు కొదువ లేదు. 2016నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు సూదులను ఏ డబ్బాలో, రక్తం అంటిన దూదిని ఏ రంగు సంచిలో వేయాలో కూడా చెబుతాయి. 2010నాటి వైద్యసంస్థల రిజిస్ట్రేషన్ చట్టాన్ని స్వీకరించిన రాష్ట్రాల్లో జార్ఖండ్ ఒకటి. ఆ చట్టంలో విచిత్రమేమిటంటే, దరఖాస్తు అందిన పది రోజుల్లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వవలసిందే. అందుకు ముందు ఎటువంటి విచారణా జరపరాదు! అంటే గోడకు తగిలించిన ఆ పత్రం వైద్యశాల ఉన్నదని చెబుతుందే గాని, ఆటోక్లేవ్ పనిచేస్తున్నదని చెప్పదు.

తనిఖీలు జరగనిచోట ఏమవుతుందో జంషెడ్‌పూర్‌కు పొరుగునే ఉన్న చైబాసాలో 2025 అక్టోబరులో లోకం చూసింది. సదర్ ఆసుపత్రిలో రక్తం ఎక్కించుకుంటూ వచ్చిన తలసీమియా పిల్లల్లో ఐదుగురికి హెచ్‌ఐవి ఉన్నట్లు బయటపడింది. వెంటనే సివిల్ సర్జన్ సస్పెన్షన్, నష్టపరిహారం, విచారణ. అది రక్తనిధి వ్యవహారం, దంతవైద్యశాలది కాదన్నది నిజమే. కాని పిల్లల ఒంట్లో వైరస్ చేరిన తరువాత కదిలే యంత్రాంగం రెంటికీ ఒకటే.

ఖర్చు లేని మార్గాలు కొన్ని ఉన్నాయి. శుద్ధి చేసిన పరికరాల సంచిని రోగి కళ్లెదుటే విప్పడం తప్పనిసరి చేయవచ్చు. సంచిపై రంగు మారిన గుర్తును రోగికి చూపవచ్చు. ఆటోక్లేవ్‌ను జీవసూచికతో చివరిసారి పరీక్షించిన తేదీని హిందీలో, ఇతర స్థానిక భాషల్లో గోడమీద రాయించవచ్చు. సెలైన్ సీసాను ఒక రోగికి మించి వాడరాదని జిల్లా వైద్యాధికారి ఒక్క సర్క్యులర్‌తో ఆదేశించవచ్చు. హఠాత్తు తనిఖీలకు కళాశాల అధ్యాపకుల సహాయం తీసుకోవచ్చు. కార్మిక సంఘాలు, కంపెనీ ఆసుపత్రులు బలంగా ఉన్న జంషెడ్‌పూర్‌లో ఇవి మొదలుకావడం తక్కిన ఊళ్లకన్న తేలిక. కర్మాగారం గేటు వద్ద హెల్మెట్ అడిగేవానిపై ఎవరూ కోపగించుకోరు. సంచి విప్పి చూపమని అడిగిన రోగిపై కూడా డాక్టరుగారు కోపగించుకోనక్కరలేదని భారత దంతవైద్యుల సంఘం స్థానిక శాఖ తన సభ్యులకు ముందుగా ఒక లేఖ రాస్తే మంచిది.