దిండు కింద చూర్ణం

మా పెద్దమావయ్యకు పార్కిన్‌సన్స్ వచ్చిన ఆరో ఏట కొత్త ఇబ్బంది మొదలైంది. అంతవరకూ చెయ్యి వణకడం, అడుగు పడకపోవడం, గుండీలు పెట్టుకోలేకపోవడం ఆయన బాధలు. ఇప్పుడు మెడా భుజాలూ వాటంతట అవే మెలికలు తిరగసాగాయి. కుర్చీలో కూర్చున్న మనిషి ఏటిలో నాచులా ఊగేవాడు. మందు ఎక్కువైతే ఇలా అవుతుందని డాక్టరు మాత్రల మోతాదు తగ్గించారు. ఊపు తగ్గలేదు. మరికొంత తగ్గించారు. అయినా అంతే. ఒకరోజు పక్క దులుపుతుంటే మా వదినకు దిండు కింద ప్లాస్టిక్ డబ్బా ఒకటి దొరికింది. నిండా చూర్ణం. పూటకు రెండు చెంచాల చొప్పున నాలుగు నెలలుగా పాలలో కలుపుకుని తాగుతున్నాడట. "డాక్టరుగారికి ఎందుకు చెప్పలేదు నాన్నా?" అని అడిగితే, "ఇంతకుముందు ఒకాయనకు చెప్పి తిట్లు తిన్నానమ్మా. మళ్లీ చెప్పబుద్ధి కాలేదు" అన్నాడు.

అది దూలగొండి గింజల చూర్ణం. పల్లెలో పెరిగినవాళ్లకు దూలగొండి తెలియకుండా ఉండదు. కాయ మీది నూగు ఒంటికి తగిలితే ఆ పూటంతా గోక్కోవలసిందే. ఆ కాయలోని గింజను పాలలో ఉడికించి, పైతొక్క తీసి, ఎండబెట్టి దంచి ఆయుర్వేద వైద్యులు తరతరాలుగా మందుగా వాడుతున్నారు. మావయ్యకు దాన్ని ఇచ్చినవారు మోసగాళ్లు కారు, గింజ కల్తీదీ కాదు. నిజంగా పనిచేసే మందు కాబట్టే చిక్కు వచ్చింది. డాక్టరు రాసిన మాత్రలో ఉన్నది లెవోడోపా. దూలగొండి గింజలో ఉన్నదీ అదే లెవోడోపా. ఒక చేత్తో డాక్టరు తగ్గిస్తున్న మందును మావయ్య మరో చేత్తో పెంచుకుంటున్నాడు. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు.

రెండు వైద్యాలు ఒకే ఒంట్లో పనిచేస్తూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే ఏమవుతుందో ఆ కుర్చీ పక్కన కూర్చుని చూశాను. మాట్లాడుకుంటే ఏమవుతుందో తెలుసుకోవాలంటే తొంభై ఏళ్లకు పైగా వెనక్కి, కలకత్తాకు వెళ్లాలి.

గణనాథ్ సేన్ కవిరాజుల ఇంట పుట్టారు. బెంగాల్లో ఆయుర్వేద వైద్యుణ్ని కవిరాజ్ అంటారు. తండ్రి దగ్గర సంస్కృతం, చరక సుశ్రుతులు చదివి, ఆపైన కలకత్తా మెడికల్ కాలేజీలో చేరి ఎల్.ఎం.ఎస్. పట్టా తీసుకున్నారు. సంస్కృతంలో ఎం.ఏ. చేశారు, మహామహోపాధ్యాయ బిరుదు పొందారు. రెండు చదువులు చదివినవాళ్లు ఆ రోజుల్లో ఇంకా కొందరున్నారు. చాలామందికి ఒకటి గోడకు తగిలించే పట్టా, రెండోది బతుకుతెరువు. సేన్ మాత్రం ఒక చదువుతో రెండోదాన్ని పరీక్షించారు. ఆయన రాసిన 'ప్రత్యక్ష శారీరం' సంస్కృతంలో శరీర నిర్మాణ శాస్త్రం. పేరులోనే ఆయన పట్టుదల ఉంది. శవాన్ని కోసి కంటితో చూసినదే రాయాలన్నారు. పాత గ్రంథంలోని మాట కంటికి కనిపించినదానితో పొసగకపోతే ఆ సంగతి పండితుల భాషలోనే, పండితుల ఎదుటే చెప్పారు. ఈ ధైర్యం లేకపోతే ఆ తర్వాతి పని ఆయన చేయగలిగేవారు కాదని నా నమ్మకం.

ఆ తర్వాతి పని సర్పగంధి మొక్క వేరు మీద. బీహారు బజార్లలో ఈ వేరును 'పాగల్ కీ దవా' అని అమ్మేవారు. పిచ్చికి మందు అన్నమాట. వేరు పొడి పడితే ఆవేశంతో ఊగిపోయే మనిషి నెమ్మదించి నిద్రపోయేవాడు. ఇది వైద్యులకూ తెలుసు, మూలికలమ్మేవాళ్లకూ తెలుసు, ఇంటి ఆడవాళ్లకూ తెలుసు. 1931లో సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే మరో డాక్టరుతో కలిసి 'ఇండియన్ మెడికల్ వరల్డ్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. మతి చలించినవారికీ రక్తపోటుకూ ఈ వేరు పనికొస్తుందన్నారు. పొడి ఇరవై నుంచి ముప్పై గ్రెయిన్లు, రోజుకు రెండుసార్లు. అంటే మన లెక్కలో ఒక్కో మోతాదు సుమారు 1.3 గ్రాముల నుంచి రెండు గ్రాముల దాకా. నిద్ర పడుతుంది, ఆవేశం తగ్గుతుంది, రక్తపోటు దిగుతుంది అని రాశారు.

పైకి చిన్న వ్యాసమే. కానీ ఆ వేరును దేనికి, ఎంత తూకంలో వాడాలో ఇంటి రహస్యంగా దాచుకుని ఉంటే సేన్ వంశం మూడు తరాలు దాని మీద బతకగలిగేది. ఆయన మొక్కకు శాస్త్రజ్ఞులు వాడే పేరు రాశారు. తూకం రాశారు. ఏమైందో రాశారు. డాక్టర్లు చదివే పత్రికలో రాశారు. ఎవరైనా తూచి, ఇచ్చి, చూసి, "తప్పు" అనే వీలు కల్పించారు. పాత మందును కొత్త వైద్యుడి ముందు నిలబెట్టడమంటే అది.

తర్వాతి కథ వేగంగా నడిచింది. కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో రామ్‌నాథ్ చోప్రా బృందం వేరు మీద ప్రయోగాలు చేసింది. బొంబాయి గుండె డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో తన రోగుల రక్తపోటు లెక్కలు ప్రచురించాక ప్రపంచమంతా ఇటు తిరిగి చూసింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ రసాయనవేత్తలు వేరులోంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. 1954లో న్యూయార్క్ మానసిక వైద్యుడు నేథన్ క్లైన్ దాన్ని తన ఆస్పత్రి రోగులకు ఇచ్చి ఫలితాలు వెల్లడించారు. వకీల్‌కూ క్లైన్‌కూ 1957లో లాస్కర్ బహుమతి వచ్చింది. సేన్ అప్పటికి లేరు.

ఇక్కడ కథ ఆపేసి మన ఋషులకు అన్నీ తెలుసు అని మురిసిపోవచ్చు. చాలామంది ఆపేస్తారు కూడా. కానీ రిసర్పిన్ వాడినవాళ్లలో కొందరు దిగులులో కూరుకుపోయారు. కొందరు ఒళ్లు బిగుసుకుపోయి, చేతులు వణికి, అచ్చం పార్కిన్‌సన్స్ రోగుల్లా తయారయ్యారు. సురక్షితమైన మందులు వచ్చాక రిసర్పిన్ వెనక్కి పోయింది. తూకం వేసి, రాసి, అందరికీ చూపినందువల్లే సర్పగంధి చెరుపు కూడా బయటపడింది. సేన్ తెరిచిన తలుపులోంచి ఆ మొక్కకు ప్రతికూలమైన సాక్ష్యం కూడా లోపలికి వచ్చింది. అందుకే ఆయన మీద నాకు గౌరవం రెట్టింపు.

ఆ చెరుపులోంచి ఇంకో మేలు పుట్టింది. ఒళ్లు ఎందుకు బిగుసుకుపోతోందని స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ అడిగారు. నరం నుంచి నరానికి కబురు అందించే రసాయనాల్లో డోపమిన్ ఒకటి. రిసర్పిన్ ఇలాంటి రసాయనాల నిల్వలను ఖాళీ చేస్తుంది. 1957లో కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చి కదలకుండా పడి ఉన్న కుందేళ్లకు లెవోడోపా కలిసిన మందు ఎక్కించారు. అవి లేచి తిరిగాయి. లెవోడోపా మెదడులోకి వెళ్లి డోపమిన్‌గా మారుతుంది. మూడేళ్ల తర్వాత వియన్నాలో హోర్నికీవిజ్ పార్కిన్‌సన్స్‌తో చనిపోయినవారి మెదళ్లను పరీక్షిస్తే వాటిలో డోపమిన్ బాగా తక్కువగా ఉంది. 1967లో అమెరికాలో కోట్సియాస్ రోగులకు లెవోడోపా కలిసిన మందును పెద్ద మోతాదులో నోటి ద్వారా ఇచ్చి లేపి నడిపించారు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది. మా మావయ్య మాత్ర ఇంత దూరం ప్రయాణం చేసి మా ఊరి మందుల షాపుకు చేరింది.

దూలగొండిలో లెవోడోపా ఉందని కార్ల్‌సన్ కుందేళ్ల ప్రయోగానికి ఇరవై ఏళ్ల ముందే, 1937లో, మద్రాసు విశ్వవిద్యాలయం జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపించారు. అప్పటికి ఆ పదార్థం మెదడుకు ఎందుకు పనికొస్తుందో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. డోపమిన్ నిల్వను ఖాళీ చేసే వేరు, ఆ లోటును నింపే గింజ, రెండూ మన వైద్యుల సంచిలోనే ఉన్నాయి. వాటికి మధ్య ఉన్న లంకె తెలియడానికి మాత్రం స్వీడన్ కుందేళ్లు కావలసి వచ్చాయి. ఇది రాస్తుంటే నాకు గర్వమూ కలుగుతోంది, బాధా కలుగుతోంది. సేన్‌లాంటి వాళ్లు మనకు ఒకరిద్దరు కాక ఒక వందమంది ఉండి ఉంటే!

మన తెలుగువాళ్లలోనూ ఆ దారి తొక్కినవారున్నారు. ఆచంట లక్ష్మీపతి మద్రాసులో ఇంగ్లీషు వైద్యం చదివి డాక్టరై, పండిత గోపాలాచార్లు దగ్గర శిష్యుడిగా కూర్చుని ఆయుర్వేదం నేర్చుకున్నారు. పట్టా పుచ్చుకున్న డాక్టరు మళ్లీ విద్యార్థిగా కింద కూర్చోవడం చిన్న విషయం కాదు. ఈ రోజు ఎంతమంది కూర్చుంటారు? ఇటువైపు నుంచి గానీ, అటువైపు నుంచి గానీ?

మన కాలంలో సేన్ పద్ధతికి దగ్గరగా నడిచినవారిలో అమెరికాలో న్యూరాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసిన బాల వి. మన్యం ఒకరు. ఆయుర్వేదం చెప్పిన కంపవాతాన్నీ నేటి పార్కిన్‌సన్స్‌నూ పక్కపక్కన పెట్టి 1990లో ఒక వ్యాసం రాశారు. దూలగొండి గింజల నుంచి చేసిన మందును 60 మంది రోగులకు 12 వారాలు ఇచ్చి చూసిన పరిశోధన 1995లో అచ్చయింది. 2004లో లండన్ న్యూరాలజిస్టులు ఎనిమిది మందికి ఒకసారి మామూలు మాత్ర, ఇంకోసారి 30 గ్రాముల దూలగొండి పొడి ఇచ్చి చూశారు. ఏది ఏదో రోగికి తెలియదు. పొడి మాత్ర కంటే తొందరగా పనిచేసింది, దాని ప్రభావం ఎక్కువసేపు నిలిచింది. మందుకు డబ్బు చాలని దేశాలకు ఇది దారి చూపుతుందేమో అని ఇటలీ డాక్టర్లు బొలీవియాలో 14 మందితో 16 వారాల పరిశోధన చేశారు. కొన్నాళ్లు పొడి, కొన్నాళ్లు మాత్ర ఇచ్చారు. అక్కడ సగం మంది పొడిని మధ్యలోనే మానేశారు. కొందరికి కడుపు పాడైంది, కొందరికి కదలిక దిగజారింది. ఆ సంగతీ దాచకుండా అచ్చువేశారు. ఇంకో మూలిక సంగతీ అంతే. జ్ఞాపకశక్తికి మంచిదని ప్రపంచమంతా అమ్ముకున్న గింకో చెట్టు ఆకు సారాన్ని అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3,069 మంది మీద పరీక్షిస్తే మతిమరుపు జబ్బును అది ఆపలేదని 2008లో తేలింది. పరీక్ష అవునంటే అవును, కాదంటే కాదు. రెండు వైద్యాలూ కలిసే చోటు ఇదొక్కటే.

మన ఊళ్లలో ఇప్పుడు కలయిక పేరుతో జరుగుతున్నది ఇది కాదు. ఒకే గుమ్మానికి రెండు బోర్డులు కడతారు. లోపల రోగి ముందు ఎలా ఉన్నాడు, మందు వాడాక ఎలా ఉన్నాడు అనే రికార్డు ఉండదు. పొట్లం మీద ఏ మూలిక ఎంత ఉందో రాయరు. పొట్లంలో ఏముందో చూడకపోతే ఏమవుతుందో ఒక సందర్భం చెబుతాను. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో కనీసం ఒకటి ఉందని 2004లో అచ్చయింది. సీసం మెదడుకు విషం, పిల్లల మెదడుకు మరీ. మెదడుకు బలమని ఇచ్చే మందులో సీసం ఉందో లేదో చూడకుండా బిడ్డ నోట్లో పోయడం వైద్యం ఎలా అవుతుంది? మెదడు జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం స్పష్టంగా చెబుతోంది. దాని షెడ్యూలులో మెదడు వ్యాధులున్నాయి, మూర్ఛ ఉంది, పక్షవాతం ఉంది. అయినా పొద్దున టీవీ పెడితే ఫిట్స్‌కు, పక్షవాతానికి మందులమ్మే కార్యక్రమాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ చట్టాన్ని అమలు చేయవలసినవారు అమలు చేయడం లేదు.

ఇంగ్లీషు వైద్యం చేసేవారికీ ఒక మాట చెప్పాలి. మావయ్యను తిట్టిన డాక్టరు ఆయనకు జ్ఞానం ఇవ్వలేదు, భయం ఇచ్చారు. ఆ భయం చూర్ణాన్ని మాన్పించలేదు, దిండు కిందికి నెట్టింది. తెలుగుదేశంలో ముసలివాళ్లు ఇంగ్లీషు మందుతో పాటు పసరో, చూర్ణమో, లేహ్యమో వాడతారన్నది ఏ డాక్టరుకు తెలియదు? తెలిసీ అడగకపోతే ఆ తప్పు రోగిది కాదు. "ఇంకేమైనా వాడుతున్నారా?" అనే ప్రశ్న చిరాకు లేకుండా అడిగితే పట్టేది అర నిమిషం. బెంగళూరు నిమ్హాన్స్‌లో రెండు వైద్యాలనూ ఒకే కప్పు కిందకు తెచ్చే ఇంటిగ్రేటివ్ మెడిసిన్ విభాగం ఉంది. మన రెండు రాష్ట్రాల పెద్ద ప్రభుత్వాసుపత్రుల న్యూరాలజీ ఓపీల్లో కనీసం వారానికొక రోజు ఆయుర్వేద వైద్యుడు న్యూరాలజిస్టు పక్కన కూర్చుని, ఇద్దరూ ఒకే చీటీ మీద రాసే ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు. కావలసింది ఒక కుర్చీ, ఒక రిజిస్టరు.

మావయ్య విషయానికొస్తే, మా వదిన ఆ డబ్బాను సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. ఈ డాక్టరు తిట్టలేదు. డబ్బా మూత తీసి చూశారు. ఎన్ని చెంచాలు, ఏ పూట, తిన్న తర్వాతా ముందా అని అడిగి రాసుకున్నారు. ఇందులో గింజకూ గింజకూ మందు బలం మారుతుంది, ఎంత వెళుతోందో నాకు తెలియదు, అందుకని ఇది ఆపి మాత్రనే సరిచేద్దాం అని మావయ్యకే చెప్పారు. మూడు వారాల్లో ఆ ఊపు చాలావరకు తగ్గింది. ఇప్పుడు పొద్దున్నే అరుగు దాకా తనంతట తాను నడిచి వస్తున్నాడు.

మీ ఇంట్లో పార్కిన్‌సన్స్‌కో, ఫిట్స్‌కో, మతిమరుపుకో, పక్షవాతానికో మందులు వాడేవారుంటే ఈసారి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు చీటీ ఒక్కటే పట్టుకెళ్లకండి. వారు వాడే ప్రతి సీసా, ప్రతి డబ్బా, ప్రతి పొట్లం సంచిలో వేసి డాక్టరు బల్ల మీద పెట్టండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, తగ్గించకండి. బయలుదేరే ముందు ఒక్కసారి దిండు కింద కూడా చూడండి.