పాత బల్ల - కొత్త ఎత్తు

యుద్ధాన్ని బల్లమీదికి దించిన ఆటలు అనేకం. చదరంగం వాటిలో ప్రాచీనమైనది. ప్రష్యా సైన్యం 1824లో తన అధికారుల శిక్షణకు అటువంటి క్రీడనే స్వీకరించింది. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికుల యుద్ధానికి నియమాలు కూర్చి 1913లో గ్రంథంగా వెలువరించాడు. వినోదంగా సాగినంతకాలం ఈ ఆటలపై ఆక్షేపణ లేదు. పోటీలు పెరిగిన పిమ్మట మాత్రం ఒక ప్రశ్న తలెత్తింది. గెలుపే లక్ష్యమైనప్పుడు ఆట పాతబడిపోదా?

ఈ సందేహం నిరాధారమైనది కాదు. 1987లో బ్రిటన్‌లో వెలువడిన 'వార్‌హామర్ 40,000' అనే ఆటనే చూడండి. నిర్ణీత పాయింట్లకు లోబడి ప్రతి ఆటగాడూ తన సేనను తానే ఎంచుకోవాలి. పాచికలు వేసి పోరాడాలి. ఒక సేన పోటీలో గెలిచిందంటే చాలు, పలువురు దానినే అనుకరిస్తారు. అప్పుడు ఎదుటి సేన అద్దంలోని తన నీడలా కనబడుతుంది. అందుకే తయారీదారులు పాయింట్లను, నియమాలను తరచుగా సవరిస్తుంటారు. 2023 నాటికే ఆ ఆట నియమాలకు పది కూర్పులు వెలువడ్డాయి. సేనల నడుమ అసమానతను సరిదిద్దడం అవసరమే. కాని, సవరణ తెచ్చిన కొత్తదనం అనుకరణ మొదలయ్యేవరకే నిలుస్తుంది.

చదరంగం నియమాలు శతాబ్దాలుగా దాదాపు స్థిరంగా ఉన్నాయి. ప్రారంభపుటెత్తులను కంప్యూటరు సాయంతో ముందే శోధించి కంఠస్థం చేయడం నేడు సర్వసామాన్యం. 2018లో లండన్‌లో కార్ల్‌సన్, కరువానా ప్రపంచ కిరీటానికై తలపడినప్పుడు పన్నెండు ఆటలూ డ్రాగా ముగిశాయి. చదరంగం పని అయిపోయిందని పెదవి విరిచినవారున్నారు. మరి 2024లో సింగపూర్‌లో జరిగినదేమిటి? పధ్నాలుగవ ఆటలో, డ్రా తప్పదనిపించిన వేళ, డింగ్ లిరెన్ యాభై అయిదవ ఎత్తులో ఏనుగును తప్పుచోట నిలిపాడు. చెన్నై యువకుడు గుకేశ్ ఆ పొరపాటును పసిగట్టి, పద్ధెనిమిదేళ్లకే విశ్వవిజేత అయ్యాడు. ఆ క్షణాన అక్కరకు వచ్చినది కంఠస్థం చేసిన పాఠం కాదు. అప్పటికప్పుడు మేల్కొన్న ఆలోచన.

ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలే. యతి పదవ అక్షరమే. నన్నయ నాటినుండి ఈ లెక్క మారలేదు. అయినా తిక్కన పద్యం నన్నయ పద్యంలా వినిపించదు, పోతన పద్యం తిక్కనలా సాగదు. ఛందస్సు కవిని బంధించలేదు. అనుకర్తను మాత్రం బయటపెట్టింది.

కనుక ఆట పాతబడదని నా అభిప్రాయం. పాతబడేది ఆడేవాని ఆలోచన. ఇతరుల సేనను అరువు తెచ్చుకొని గెలిచినవానికి బహుమతి దక్కవచ్చు, ఆట దక్కదు. ఓడినా సరే, సొంత ఎత్తు వేసిన వానికి ప్రతి బల్లా కొత్తదే. గైడులోని జవాబును వల్లించి మార్కులు తెచ్చుకునే విద్యార్థికి ఈ మాట వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.