జాడ పట్టినోడే దొంగా?

నవాబులు ఆడితే షికారు, మన తాతలు ఆడితే దొంగవేట. ఆ షికార్లలో అడుగుజాడ చూపింది, పొదలు కొట్టి మెకాన్ని తోలింది అడవి బిడ్డలే. 1972 చట్టం వేటను ఆపింది, మంచిదే. 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కు ఇవ్వలేదు, సరే. మరి దామగుండంలో నేవీ కేంద్రానికి 2,900 ఎకరాల అడవి ఇచ్చారే, అక్కడి జింకల గతేంటి? ఆ కేసు ఎవరి మీద పెడతారు? కుందేలుకు ఉచ్చు పెట్టినోడికైతే జైలు!

నల్లమలలో పులి జాడ చూడటానికి చెంచులను కాపలాకు పెట్టుకున్నారు. కోట్‌పల్లి ప్రాజెక్టు చుట్టూ అడవికి మన తండాల పిల్లలు పనికిరారా? సార్లూ, తాతలను బడికి పిలవండి. గిట్ట గుర్తు చూసి జింకదో అడవిపందిదో, రాత్రిదో పొద్దుటిదో చెప్తారు. పిల్లలు నోటుబుక్కులో రాసుకోవాలి, ఫారెస్టోళ్లు ఆ పనికి జీతమివ్వాలి.