కూర్చోలేని కవచమెందుకు?

తెనాలిలో తుక్కు ఇనుముతో విగ్రహాలు చేస్తారన్న సంగతి ఇప్పుడు దేశమంతటికీ తెలుసు. సూర్య శిల్పశాల కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర 2021లో నట్లు, బోల్టులు, పాత బండ్ల విడిభాగాలు అతికించి 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం నిలబెట్టినప్పుడు పత్రికలన్నీ రాశాయి. చుండూరు నుంచి తెనాలి ఎంతో దూరం లేదు కాబట్టి మా కుర్రకారు ఆ బొమ్మల పక్కన ఫొటోలు దిగి వస్తుంటారు. ఈమధ్య కొందరికి పక్కన నిలబడటం సరిపోవడం లేదు. తామే బొమ్మ అయిపోవాలి. ఐరన్ మ్యాన్ అవ్వాలి, ‘కల్కి 2898 ఏడీ’లో భైరవ అవ్వాలి, స్టార్ వార్స్‌లో తెల్ల కవచం సైనికుడు అవ్వాలి. కాలేజీ ఫెస్టు దగ్గర పడితే చాలు, ఇళ్ళలో గ్లూ గన్ వాసన. 2013లో హైదరాబాద్‌కు వచ్చిన కామిక్ కాన్‌లో వేషాల పోటీ చూసొచ్చినవాడు ఒకడున్నాడంటే ఇక చెప్పక్కర్లేదు.

ఈ సరదా మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా దాన్ని కొలిచే కొలబద్ద మీదే. ఫొటోలో బాగుంటే బాగున్నట్టే అనుకుంటున్నాం. విగ్రహానికి ఆ లెక్క చాలు. లోపల మనిషి ఉన్నప్పుడు చాలదు.

మా పక్కవీధి కుర్రాడు, ఇంజినీరింగ్ మూడో ఏడు, మొన్నటి ఫెస్టుకి ఐరన్ మ్యాన్ కట్టాడు. స్టిక్కరింగ్ షాపు నుంచి సన్‌బోర్డు తెచ్చి, కట్టర్‌తో కోసి, ఎరుపూ బంగారు రంగూ స్ప్రే కొట్టి, గుండె మీద ఎల్‌ఈడీ దీపం పెట్టాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది. తీరా ఆటో వచ్చి గుమ్మం ముందు నిలబడితే వీడు ఎక్కడు.

“ఎక్కు మరి, ఇంకా నిలబడ్డావే?” అన్నాను.

“కూర్చుంటే తొడ పలక విరుగుద్ది బాబాయ్.”

చివరికి ఎవరిదో టాటా ఏస్ వెనకాల తాడు పట్టుకుని నిలబడి వెళ్ళాడు. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి, బహుమతీ వచ్చింది. ఆ రోజంతా వాడు మంచినీళ్ళు ముట్టలేదని వాళ్ళమ్మ తర్వాత చెప్పింది. తాగితే వెళ్ళాల్సి వస్తుంది, వెళ్ళాలంటే నడుం కింద అతికించిందంతా పీక్కోవాలి.

వాడి చేతిపనికి వంక పెట్టలేం. కొలతే తప్పింది. నెట్‌లో దొరికే కాగితపు నమూనా ఎక్కడో ఎవరో ఆరడుగుల మనిషికి గీసుకున్నది. దాన్ని అలాగే ప్రింటు తీసి కోస్తే భుజం పలక మోచేతి దాకా జారుతుంది, హెల్మెట్ బోర్లించిన బిందె అవుతుంది. తెలిసినవాళ్ళు ముందు ఒంటికి అచ్చు తీస్తారు. పాత టీషర్టు వేసుకుని, దాని మీద ప్యాకింగ్ టేపు ఛాతీ చుట్టూ భుజాల చుట్టూ పొరలు పొరలుగా చుట్టించుకుని, పలకలు ఎక్కడ విడిపోవాలో అక్కడ మార్కర్‌తో గీతలు గీయిస్తారు. వీపు వైపు కత్తిరించి విప్పితే మనిషి ఆకారంలోనే ఊడి వస్తుంది. గీతల వెంట ముక్కలు చేసి బల్ల మీద పరిస్తే అదే నమూనా. ఒక్కడివల్ల అయ్యే పని కాదు, చుట్టడానికి ఇంకొకరు కావాలి. ఊపిరి నిండా పీల్చినప్పుడు చుట్టాలన్నది మాత్రం చాలామంది మర్చిపోతారు. ఖాళీ ఛాతీకి తీసిన అచ్చుతో చేసిన కవచం వేసుకుని మేడమెట్లు ఎక్కితే తెలుస్తుంది. కొలతల బాధ లేనివాడు మన కథల్లో కర్ణుడొక్కడే. ఆయనది ఒంటితో పాటు పెరిగిన కవచం.

విగ్రహం వేరు, కవచం వేరు అన్న సంగతి మీద ఇంగ్లండులో పెద్ద దావానే నడిచింది. మొదటి స్టార్ వార్స్ చిత్రానికి 1976లో తెల్ల సైనికుల హెల్మెట్లు చేసినవాడు ఆండ్రూ ఐన్స్‌వర్త్. ప్లాస్టిక్ రేకును వేడిచేసి, కింది గాలి లాగేసి, అచ్చుకు అతుక్కునేలా చేసినవి అవి. 2004 నుంచి వాటి నకళ్ళు సొంతంగా అమ్మడం మొదలెట్టాడు. లూకాస్‌ఫిల్మ్ కోర్టుకెక్కింది. హెల్మెట్ శిల్పం లాంటిది, కాపీరైటు మాదే అని వాదించింది. 2011లో బ్రిటన్ సుప్రీంకోర్టు అది శిల్పం కాదు పొమ్మంది, సినిమా తీయడానికి పనికొచ్చిన వస్తువంది. జడ్జీలు చూసింది కాపీరైటు కోసమే అయినా, సన్‌బోర్డు కోసే కుర్రాళ్ళు కూడా ఆ తీర్పు ఒకసారి వింటే మంచిది.

పనికొచ్చే కవచం ఎలా ఉంటుందో చూడటానికి లండన్ దాకా పోనక్కర్లేదు. తెనాలి అంటే రామవిలాస సభ అనే నాటక సమాజం నడిచిన ఊరు, నాటకం తెలిసిన ఊరు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా జనాన్ని ఊపేసిన ప్రాంతం మనది. పద్యనాటకాలకు డ్రస్సులు అద్దెకిచ్చేవాళ్ళ పెట్టె తెరిపించి ఒక దుర్యోధనుడి కవచం తీయించి చూడండి. ముందువైపు మఖమలు, జరీ, చమ్కీలు, కళ్ళు జిగేల్. వెనక్కి తిప్పితే ఏమీ ఉండదు, వరసగా నాడాలు తప్ప. విద్యంతా ఆ నాడాల్లోనే ఉంది. ఇవాళ బక్కపలచని కర్ణుడు, రేపు బొజ్జ ఉన్న దుర్యోధనుడు, ఇద్దరికీ అదే సరిపోవాలి. పైగా ఆ నటుడు ఊరికే నిలబడడు, పద్యం ఎత్తుకుని రాగం లాగుతాడు, పొట్టనిండా గాలి కావాలి. బిగించి కట్టినాయనకు హార్మోనియం అందుకోకముందే చీవాట్లు పడతాయి. కిరీటం పెట్టేముందు తలకు గుడ్డ చుడతారు, జారకుండానూ, చెమట కళ్ళలోకి రాకుండానూ. చెయ్యెత్తి సవాలు చేస్తే భుజకీర్తి మెడకు గుచ్చుకోకూడదు. వీధిభాగవతుల నగలకైతే పొనికి కర్ర వాడేవాళ్ళు, కొండపల్లి బొమ్మలు చేసే తేలిక కర్రే. చూసేవాడికి బంగారం, మోసేవాడికి దూది.

ఆ పొనికి స్థానంలో ఇవాళ ఈవీఏ ఫోము వచ్చింది. జిమ్ముల్లో నేల మీద పరిచే మెత్తటి పలకలు, చెప్పుల కింద వేసే షీట్లు చాలావరకు ఆ జాతివే. సన్‌బోర్డు వంచితే చిట్లుతుంది. ఫోమును హాట్ ఎయిర్ గన్‌తో కాచి మోకాలి మీద వత్తిపట్టుకుంటే, చల్లారేసరికి ఆ వంపు అలాగే నిలుస్తుంది. అంచు నిటారుగా కాకుండా ఏటవాలుగా కోస్తే రెండు ముక్కలు కలిసినచోట మూల చక్కగా తిరుగుతుంది. అతకడానికి గ్లూ గన్ కంటే చెప్పులు బాగుచేసేవాళ్ళు వాడే బంక నయం. రెండు వైపులా పూసి, చేతికి అంటీ అంటనట్టు ఆరేదాకా ఆగి, ఒక్కసారే నొక్కాలి. మళ్ళీ సర్దుకునే వీలుండదు, అందుకే ముందుగా గుర్తులు పెట్టుకోవాలి. గ్లూ గన్ అతుకు ఎండకు మెత్తబడుతుంది, మన ఏప్రిల్ ఎండలో దాన్ని నమ్ముకోవడం సాహసమే. బంక వాసన గదిలో నిండితే తల తిరుగుతుంది, డాబా మీద చేసుకోండి. సన్‌బోర్డు పీవీసీ సరుకు, దాన్ని మాత్రం కాచి వంచాలని చూడొద్దు. మాడితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు చేటు.

పలకలు తయారైతే సగం పనే అయినట్టు. మిగతా సగం పట్టీలది. భుజం పలకను చేతికి కట్టకూడదు, ఛాతీ పలకకు వేలాడదీయాలి. తొడ పలక బరువు నడుం బెల్టు మోయాలి. మోకాలు, మోచేయి, చంక, గజ్జ దగ్గర ఖాళీ వదిలేయాలి, లోపలి నల్లబట్ట కనబడితే కనబడనీండి. బకిళ్ళు, వెల్క్రోలు వేసుకున్నవాడి చేతికి అందేచోట ఉండాలి. ఇక్కడ ఇంజినీరింగ్ కుర్రాడి కంటే స్కూలు బ్యాగులు కుట్టే టైలరు గట్టివాడు. నేనైతే మూడువంతుల సలహా ఆయన్నే అడుగుతాను.

సినిమావాళ్ళను చూసి మోసపోకండి. స్టార్ వార్స్‌లో బంగారు రోబో సీ-త్రీపీవో వేసిన ఆంథొనీ డేనియల్స్‌కు ట్యునీషియా ఎడారిలో షూటింగు మొదటిరోజే కాలి కవచం ముక్క పగిలి పాదంలో గుచ్చుకుంది. కూర్చునే వీల్లేక షాట్ల మధ్యలో వాలు పలకకు ఆనుకుని నిలబడేవాడు. 2008 నాటి ఐరన్ మ్యాన్‌కు స్టాన్ విన్‌స్టన్ స్టూడియో నిజం కవచాలే చేసింది, తర్వాతి చిత్రాల్లో రాబర్ట్ డౌనీ జూనియర్ ఒంటి మీద చాలాసార్లు పైభాగం మాత్రమే ఉండేది, మిగతాదంతా కంప్యూటర్. ఆ స్టూడియో వారసులే లెగసీ ఎఫెక్ట్స్ పేరుతో 2010 నాటి ‘రోబో’కీ పనిచేశారు. తెరకు ఆ సౌకర్యం ఉంది. ఫెస్టు మైదానంలో మీ కాళ్ళకు కంప్యూటర్ కవచం తొడగదు, ఉక్కపోతా తగ్గించదు. హెల్మెట్‌లో కంప్యూటర్ ఫ్యాను ఒకటి బిగించి పవర్ బ్యాంకుకు కలిపితే కాస్త ఊపిరి ఆడుతుంది, కళ్ళద్దానికి ఆవిరి పట్టడం తగ్గుతుంది.

ఇదంతా పరాయి వేషం, మనకెందుకు అనేవాళ్ళూ ఉంటారు. తెనాలి పక్క బుర్రిపాలెంలో పుట్టిన హీరో కృష్ణ 1971లో సినిమాలో కౌబాయ్ టోపీ పెట్టుకుంటే టిక్కెట్లు కొని మరీ చూశాం. డబ్బు దండగ అనేవాళ్ళతో మాత్రం సగం ఒప్పుకుంటాను. రెడీమేడ్ కవచం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం దండగే, అది ఎవడి కొలతో ఎవడికి తెలుసు? అదే డబ్బుతో ఒక పూట డ్రస్సుల ఆయన దగ్గర కూర్చుని నాడాలు కట్టడం నేర్చుకోవచ్చు. నాటకాల సీజను తగ్గి ఆయనకూ ఖాళీ ఎక్కువే. ఆయన తన పాత కిరీటాల మీద ఫోము పని చూపించమని అడిగితే కుర్రాళ్ళు కాదనరు.

ఫెస్టులు పెట్టే కాలేజీల వారికి, న్యాయనిర్ణేతలుగా వెళ్ళే పెద్దలకు నా మనవి ఒకటే. స్టేజి మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక గ్లాసు మంచినీళ్ళు పెట్టించండి. వేషం కట్టినవాణ్ణి కుర్చీలో కూర్చోమనండి, రెండు చేతులూ పైకెత్తమనండి, ఎవరి సాయం లేకుండా హెల్మెట్ తీసి నీళ్ళు తాగి మళ్ళీ పెట్టుకోమనండి. ఇవి చేయలేని వేషం ఎంత మెరిసినా దానికి మొదటి బహుమతి ఇవ్వకండి.