నోటీసు బోర్డు మీద లేని నంబరు

రెండు మూడేళ్లకోసారి ఊరు మారే పిల్లలం మనం. కొత్త క్వార్టర్‌లో సామాను విప్పకముందే అమ్మ పాలవాడినీ, గ్యాస్ ఏజెన్సీనీ కనుక్కుంటుంది. అదే ఇంట్లో ఒక అమ్మ దెబ్బలు తింటుంటే? పుట్టిల్లు ఎక్కడో దూరం. ఇక్కడి భాష రాదు. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

2005 నాటి గృహహింస చట్టం చదివితే మాకు ఆశ్చర్యం వేసింది. అది మనలాంటి కుటుంబాల కోసమే రాసినట్టుంది. ఫిర్యాదు చేయడానికి సొంతూరు వెళ్లనక్కర్లేదు. తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లోని మేజిస్ట్రేటును ఆశ్రయించినా చాలు. ఆయన ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. జోధ్‌పూర్‌లో ఇచ్చిన ఉత్తర్వు గువాహటికి బదిలీ అయినా పనిచేస్తుందన్నమాట! కొట్టడమే కాదు, తిట్టి అవమానించడం, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం కూడా హింసేనని ఈ చట్టం చెప్పింది.

ఈ చట్టాన్ని దుర్వినియోగం చేస్తారని కొందరు పెద్దలంటారు. కానీ ఇది ముందుగా అడిగేది జైలు కాదు, రక్షణ, నీడ, భరణం. రక్షణ ఉత్తర్వును మీరితేనే ఏడాది దాకా శిక్ష.

లోపం అమలులో ఉంది. మొదటి విచారణ మామూలుగా 3 రోజుల్లో జరగాలి, 60 రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలి. చాలా కేసులు నెలలూ ఏళ్లూ సాగుతున్నాయి. బాధితురాలికి దారి చూపాల్సిన రక్షణ అధికారి చాలాచోట్ల వేరే ఉద్యోగం చేస్తూ దీన్ని అదనపు బాధ్యతగా మోస్తున్నారు. జిల్లా, తాలూకా స్థాయిలో ఈ అధికారులను గుర్తించి నియమించమని 2025లో కూడా సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. అప్పటికి చట్టం చేసి ఇరవై ఏళ్లు!

ఇంకో మాట. హింస జరుగుతోందని నమ్మితే ఎవరైనా రక్షణ అధికారికి తెలపవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. మన క్వార్టర్ల గోడలు పలచన, పక్కింటి ఏడుపు వినిపిస్తుంది. "వాళ్లింటి గుట్టు మనకెందుకు" అని టీవీ సౌండు పెంచుతాం. అలా పెంచినవాళ్లలో మేమూ ఉన్నాం.

మా కాలనీ నోటీసు బోర్డు మీద ఫైర్ స్టేషన్, ఆసుపత్రి, ఎలక్ట్రీషియన్ నంబర్లున్నాయి. రక్షణ అధికారి పేరు లేదు. మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా లేవు. ఈ మూడూ అక్కడా, మన బడి గేటు దగ్గరా, హిందీతో పాటు ఇక్కడున్నవాళ్లు మాట్లాడే భాషలన్నిటిలో రాయించాలని కోరుతున్నాం. తెలుగులో రాసిపెట్టే పని మాకివ్వండి.