ఏం లేదు సార్ రాయనీకి!

పదో తరగతి పరీక్షలైపోయి ట్రంకుపెట్టెలు సర్దుకుంటున్న హాస్టలు పిల్లల్ని ఈ మధ్య ఒక పూట కూర్చోబెట్టాం. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, రేపు మీకు పని ఇవ్వబోయేవాడికి మీ గురించి ఏం తెలియాలో అది రాయండి అన్నాం. అరగంట గడిచింది. పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, జిల్లా. అక్కడికి కలాలు ఆగిపోయాయి. ఏందిరా, మిగతాదంతా తెల్లగనే ఉన్నది అంటే ఒక పిల్లవాడు లేచి నిలబడి, "ఏం లేదు సార్ రాయనీకి" అన్నాడు.

మిత్రులారా, ఆ మాట అన్నవాడు ఎవడో చూడండి. హాస్టలు మెస్ కమిటీలో రెండేళ్ళు ఉండి రోజూ పొద్దున్నే బియ్యం, పప్పు, గుడ్లు లెక్క చూసుకొని సంతకం పెట్టినవాడు. సెలవుల్లో వాళ్ళమ్మ పత్తి ఏరే ముఠా వెంట పోయి, ఎవరు ఎన్ని కిలోలు ఏరారో నోటుబుక్కులో రాసి, వారం చివర కూలి పంచేనాడు రూపాయి తేడా రాకుండా చదివి వినిపించినవాడు. తాతకు పింఛను ఆగిపోతే అర్జీ తనే రాసుకొని మండలాఫీసు చుట్టూ తిరిగి మళ్ళీ ఇప్పించినవాడు. ఇంత చేసినవాడు ఏం లేదంటున్నాడు. అదే ఇంకో ఇంటి పిల్లవాడు మేనమామ ఆఫీసులో పది రోజులు ఏసీ కింద కూర్చొని వస్తే దాని పేరు ఇంటర్న్‌షిప్!

వీడి పని పని కాదని వీడికి చెప్పిందెవరు? బడి చెప్పింది. ఊరు చెప్పింది. దాచడమెందుకు, మనమూ చెప్పాం. కూలి ముచ్చట ఎవరికీ చెప్పకురా, చదువుకుంటున్నవు గదా అని.

ఒక్క మాట ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. పిల్లలు పనికి పోవడాన్ని మేం మెచ్చుకోవడం లేదు. 14 ఏళ్ళు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తూ 2016లో చట్టం సవరించారు. బడి లేని వేళల్లో ఇంటి పని, ఇంటి వృత్తి అయితే చేయొచ్చని సందు మాత్రం వదిలారు. ఆ సందులో ఎవరి పిల్లలు ఇరుక్కుంటారో మనకు తెలియనిది కాదు. కానీ పిల్ల ఆ పని చేసి, అందులో ఒక విద్య నేర్చుకున్నాక, దాన్ని కాగితం మీద పెట్టే హక్కు కూడా లేదనడం రెండో దెబ్బ.

అందుకే ఆ పూట మేం నేర్పింది అది ఒక్కటే. పత్తి అని రాస్తే నవ్వుతరు సార్ అన్నది ఒక ఆడపిల్ల. నవ్వనీ. నువ్వు పత్తి అని ఊరికే రాయకు, అక్కడ ఏం చేసినవో అంకెలతో రాయి అన్నాం. "పన్నెండు మంది కూలీల రోజువారీ తూకం నాలుగు వారాలు రాసి, వారం వారం కూలి లెక్క కట్టాను." ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు, గొప్పలూ లేవు. సూపర్ మార్కెట్ వాడికైనా, మందుల దుకాణం వాడికైనా, గోదాము వాడికైనా కావలసింది ఈ కబురే: ఈ మనిషికి తూకం తెలుసు, లెక్క తెలుసు, డబ్బుల దగ్గర నిలబెట్టొచ్చు. కష్టపడతాను, నిజాయితీపరుణ్ణి అని ఎవడైనా రాసుకుంటాడు. కష్టపడ్డ సంగతి రాసినవాణ్ణి నమ్ముతారు.

మన పిల్లల మొదటి బయోడేటా ఇప్పుడు ఎక్కడ పుడుతున్నది? జిరాక్సు సెంటరులో. ఆ సెంటరోడి కంప్యూటరులో ఒకటే ఉంటుంది, పేరు మార్చి అందరికీ అదే తీసి ఇస్తాడు. పైన ఒక ఇంగ్లీషు వాక్యం, పేరున్న సంస్థలో సవాళ్ళతో కూడిన కొలువు చేసి ఎదగడమే నా ధ్యేయమని. కింద హాబీలు: క్రికెట్ ఆడటం, పాటలు వినడం. చివర మతం, కులం, పెళ్ళయిందా లేదా, పైన చెప్పినవన్నీ నిజమేనని ఒక ప్రమాణం. ఆ ప్రమాణం కింద సంతకం పెట్టే పిల్లకు పైన ఏమున్నదో తెలియదు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ ధ్యేయం మీదే పడుతుంది, పిల్ల తల దించుకుంటుంది. బయటకొచ్చి మనకు ఇంగ్లీషు రాదు అంటుంది. ఇంగ్లీషు కాదమ్మా, అది నీ మాట కాదు. ముందు తెలుగులో రాసుకోనీయండి. తర్వాత నోటితో చెప్పగలిగిన చిన్న వాక్యాల్లో ఇంగ్లీషు చేయించండి. సగం పేజీ వచ్చినా చాలు.

ఇక కులం, మతం, తండ్రి వృత్తి. సర్కారు దరఖాస్తులో కులం గడి ఉంటే తల ఎత్తుకొని నింపాలి, సర్టిఫికెట్ జత చేయాలి. అది మన హక్కు. ప్రైవేటువాడు అడగకుండా మనమే ఎందుకు రాసివ్వాలి? అక్కడ రిజర్వేషన్ లేదు. వాడి దగ్గర ఆ గడి పనికొచ్చేది పక్కన పెట్టడానికే. ఇది మా అనుమానం కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ ఎట్‌వెల్ అనే ఇద్దరు పండితులు ఇంగ్లీషు పేపర్లలో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి చూశారు. చదువు ఒకటే, అర్హత ఒకటే, పేర్లే వేరు. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. అగ్రకుల పేరుకు పిలుపొచ్చే అవకాశం 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. ఇంకా మనిషిని చూడలేదు, మాట వినలేదు. పేరు చదివారు, అంతే.

అట్లయితే పేరు మార్చి రాయాల్నా సార్ అని అడిగాడు వెనక బెంచీలోంచి ఒకడు. ఆ ప్రశ్నకు మా దగ్గర తేలికైన జవాబు లేదు. అమెరికాలో, లండనులో చదివొచ్చి 1917లో బరోడా కొలువులో చేరిన అంబేద్కర్‌కు ఊళ్ళో గది దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించి ఉండవలసివచ్చింది. పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఆయన చదువులో తక్కువేమున్నది? పేరు దాచుకోమని మేం చెప్పం. మెమోలో ఉన్న పేరే రాయాలి. అడగనిది చెప్పొద్దు, అడిగితే అబద్ధమాడొద్దు. తండ్రి ఏం చేస్తాడని అడిగితే కూలి అని మామూలుగా, గట్టిగా చెప్పడం మాత్రం ఇంటి దగ్గరే అలవాటు చేయాలి. ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

మెమో అంటే గుర్తొచ్చింది. ఆధార్‌లో ఒక పేరు, మెమోలో ఇంకో పేరు ఉన్న పిల్లలు ఆ గదిలోనే కొందరు తేలారు. బడిలో చేర్చిననాడు పంతులు రాసిందే పేరు, ఆయన వేసిందే పుట్టినరోజు. మన వాడల్లో అందుకే చాలామంది జూన్‌లోనే పుట్టారు! పదో తరగతి నామినల్ రోల్ బోర్డుకు పోయేముందు తల్లిదండ్రులు ఒకసారి బడికి పోయి ప్రతి అక్షరం చూసుకోవాలి. తర్వాత దిద్దించడానికి పట్టే తిరుగుడు అంతా ఇంతా కాదు. బయోడేటాలో ఆధార్ నంబరు రాయొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, డబ్బులు అడిగే కన్సల్టెన్సీ గడప తొక్కొద్దు. ఆఫరు వచ్చిందల్లా సిమ్ము మార్చే పిల్లల నంబరు కాకుండా ఏడాది పొడుగునా పలికే నంబరు ఇవ్వాలి.

చివర ఒక గడి మిగిలింది. మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు పెద్దమనుషుల పేర్లు. మా పిల్లలు అందరికంటే ఎక్కువసేపు ఆగిపోయింది ఇక్కడే. పైవాళ్ళ పిల్లలకు ఈ గడి పుట్టుకతోనే నిండి వస్తుంది. మన పిల్లలకు ఎవరున్నారు? రిజర్వేషన్ మీద కొలువులెక్కిన బ్యాంకు ఆఫీసర్లు, లెక్చరర్లు, ఇంజనీర్లు ఏం చేస్తున్నట్టు? ఏప్రిల్ 14న ఫ్లెక్సీ మీద తమ ఫోటో ఏ వరుసలో పడిందో చూసుకునే ఉద్యోగుల సంఘాల నాయకుల్ని సూటిగా అడుగుతున్నాం. ఊరి హాస్టలుకు నెలకో ఆదివారం పోండి. ఇద్దరు పిల్లల్ని ఎరుగండి, వాళ్ళ కాగితం మీద మీ పేరు, మీ నంబరు రాసుకోనీయండి. ఎవరైనా ఫోను చేసి అడిగితే, అవును, వాడు నాకు తెలుసు అని చెప్పండి. దీనికి జి.వో. అక్కర్లేదు.

ఏం లేదన్న పిల్లవాడు సాయంత్రానికి ముప్పావు పేజీ నింపాడు. మూడు అక్షరదోషాలున్నాయి, దిద్దాం. పెద్దమనుషుల గడిలో మా పేరు ఒకటి రాసుకున్నాడు, రెండోది ఖాళీగా ఉన్నది. ఫోను నంబరు వాళ్ళమ్మది ఇచ్చాడు. ఆమె చేను దగ్గర ఉన్నప్పుడు ఫోను వస్తే ఏం చెప్పాలో వాడు ఇంటికి పోయి ఆమెకు నేర్పాలి.